ఎంతుందమ్మా?

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. డాక్టరు లేని చోట పాపకు ఊపిరి ఆగిపోతుందని.

పాపకు పది నెలలు. ఈ చలికాలంలోనే రెండుసార్లు ఛాతీలో పిల్లికూతలు మొదలై పెదాలు నీలంగా మారాయి. రెండుసార్లూ ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివరి ఆసుపత్రికి పరిగెత్తింది. గుమ్మం నుంచి అక్కడికి మూడువందల ఎనభై అడుగులు. తర్వాత ఒకరోజు తీరిగ్గా లెక్కపెట్టుకుంది.

మొగుడేమో గుట్ట మీద భూమి కౌలుకు తీసుకున్నాడు. అక్కడికి ట్రాక్టరు తప్ప ఏదీ ఎక్కదు. అతను ముందే వెళ్ళి రేకుల గది వేసుకుని కూర్చున్నాడు. ఇక్కడ ఇంటి పక్క షెడ్డులో మామగారు తన యాభై ఏళ్ళనాటి ట్రాక్టరు ఇంజన్ని ఆఖరి బోల్టు దాకా విప్పి, మళ్ళీ బిగిస్తున్నారు. బండి సిద్ధమైన మర్నాడే ట్రాలీలో సామాను, సామాను మీద తల్లీబిడ్డా.

"అక్కడ డాక్టరు లేడుగా" అంది ఆమె ఫోనులో.

"కొండగాలికి దగ్గే రాదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసి నువ్వే పెద్ద డాక్టరువయ్యావా?" అని నవ్వాడు మొగుడు.

ఆ నవ్వు తర్వాత ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మామగారు నలభై ఏళ్ళ మెకానిక్కు. వీధిలో పోయే బండి చప్పుడు విని దాని రోగం చెప్పేవారు. కంట్లో పొర వచ్చాక ఆ షెడ్డులో చూసే పనులు కోడలివి, వినే పనులు ఆయనవి.

ఇంజన్ మొదటిసారి స్టార్టు చేసిన రోజు ఆయన థ్రాటిల్ దగ్గర నిలబడ్డారు. ఆమె పాపను లోపల పడుకోబెట్టి, ఒక చెవి అటే వేసి, కొత్తగా బిగించిన ఆయిల్ గేజీ దగ్గర నిలబడింది. పొగ గుప్పుమంది. ఇంజన్ అందుకుంది.

"ఎంతుందమ్మా?"

"పన్నెండు, మామయ్యా."

ఆయన ఠక్కున ఆపేశారు. ముప్ఫై దాటాలి. ఆయిల్ ప్రెషర్ లేకుండా నడిపితే బేరింగులు పట్టేసి, ఆరు నెలల చాకిరీ అరగంటలో బూడిదవుతుంది.

"వినడానికి తీరుగానే ఉందే" అన్నారు తల గోక్కుంటూ.

ఆ వారం ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్ దించి ఆయిల్ జల్లెడ కడిగారు. "పదకొండు" అందామె. పై వారం ఆయిల్ పంపు మార్చారు. మళ్ళీ పన్నెండు. స్టార్టు చేసే ముందు ప్రతిసారీ ఆమె లోపలికెళ్ళి పాపను చూసి వచ్చేది. ఆయన ఆపేశాక గానీ గుండె కుదుటపడేది కాదు. ఇంకో వారం గడిచింది. ఆసుపత్రి ఇంకా మూడువందల ఎనభై అడుగుల్లోనే ఉంది.

తర్వాత బేరింగుల మీద పడ్డారు. వేళ్ళతో తడిమి తడిమి ఒక్కొక్కటీ తీసి, కొత్తవి వేశారు.

"ఈసారి చూడు, పడుకున్న పాము పడగెత్తినట్టు లేస్తుంది నీ ముల్లు. ఎంతుందమ్మా?"

"పధ్నాలుగు."

పెరిగింది రెండే అయినా ఆయన ముఖం వెలిగిపోయింది. "దారిలో పడ్డామే" అంటూ టీ పెట్టమన్నారు. పాప ఏడవకపోయినా ఏడ్చినట్టనిపించి, ఆమె గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

ఇక మిగిలింది ప్రెషర్ వాల్వు ఒక్కటే. ప్రెషర్ పెరిగేలా దాని స్ప్రింగు వెనక వాషరు వేసి బిగించారు. ఇంతకు మించి విప్పడానికి ఆ ఇంజన్లో ఏమీ లేదు.

"ఎంతుందమ్మా?"

ఆమె పాప ఉన్న గది వైపు చూసింది. ఇంజన్ కుట్టుమిషన్లా మెత్తగా తిరుగుతోంది.

"నిన్నేనమ్మా. ఎంతుంది?"

"తొమ్మిది."

ఆయన ఇంజన్ ఆపి, కాసేపు అలాగే దాని మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు.

"కళ్ళే పోయాయనుకున్నా. చెవులు కూడా పోయాయన్నమాట."

ఆ సాయంత్రమే కొడుక్కి ఫోను చేశారు. "నా పనయిపోయిందిరా. ఈ బండి ఇక లేవదు. ఆ కౌలు వదిలేసి వచ్చెయ్" అన్నారు. కొడుకు నాలుగు రోజులు చిందులు తొక్కి, ఐదో రోజు గుట్ట దిగి వచ్చి, ఇక్కడే లారీ డ్రైవరుగా కుదిరాడు. ఇక ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు.

మామగారు పానాలన్నీ నూనెగుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశారు. ఎవరైనా బండి తెస్తే, "వేరేచోట చూపించుకో నాయనా, నేను విని చెప్పేది నమ్మకు" అంటారు. రోజంతా షెడ్డు మెట్టు మీదే కూర్చుంటారు.

"రెండు ముద్దలన్నా తినండి మామయ్యా."

"ఆకలి కూడా సరిగ్గా వినపడటం లేదమ్మా."

మొన్న మధ్యాహ్నం ఆ మెట్టు మీదే ఉన్నట్టుండి తలెత్తారు. "పాప ఊపిరి తేడాగా ఉంది, చూడు" అన్నారు. వంటింట్లో ఉన్న ఆమెకు ఏమీ వినపడనే లేదు. వెళ్ళి చూస్తే పెదాలు అప్పుడే రంగు మారుతున్నాయి. పరిగెత్తింది. సమయానికి తెచ్చారన్నాడు డాక్టరు.

"మీ చెవి వల్లే బతికింది మామయ్యా."

"ఏదో గుడ్డిగా అన్నాలేమ్మా" అని ఆయన మళ్ళీ తల దించుకున్నారు.

అప్పటి నుంచి ఆమె రోజూ వెళ్ళి ఆయన పక్కన కూర్చుంటుంది. నోరు తెరుస్తుంది. లోపల పాప దగ్గుతుంది. లేచి వచ్చేస్తుంది.

మీలో ఎవరైనా ఆ వీధిన వెళితే షెడ్డు ముందు ఒక్క నిమిషం ఆగి, ఆ పెద్దాయన ఎలా ఉన్నారో చూసి, ఆయన చెవిన ఈ మాట వేయండి: గేజీలో ముల్లు మొదటి రోజు నుంచీ నలభై మీదే నిలబడి ఉంది.