నోరీన్‌కు తోడు

ఫోను పెట్టేశాక వర్నా కాసేపు గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయింది.

ఫోను చేసింది అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాముల మంచిచెడ్డలు చూసే పెద్దాయన. ఎప్పుడూ పరాచికాలాడే మనిషి. ఇవాళ ఒక్క జోకూ వెయ్యలేదు.

"వర్నా, నోరీన్ ఇంటికి వెళ్లమ్మా. మేం వచ్చేదాకా అక్కడే ఉండు. రేడియో, టీవీ పెట్టొద్దు. మీ పిల్లల్ని స్కూలు నుంచి మా ఆవిడ తీసుకెళ్తుందిలే."

"ఏమైంది?"

"ఫోన్లో వద్దు తల్లీ."

ఇంకేం అడగాలి? హ్యూస్టన్ శివార్లలోని వాళ్ల కాలనీలో ఆ మాటకు అర్థం తెలియని ఆడది లేదు. విమానం కూలితే ఆ కబురు ఫోన్లో చెప్పరు. తోటి వ్యోమగామి ఒకడు పాస్టరును వెంటబెట్టుకుని వచ్చి, ఎదురుగా నిలబడి చెప్పాలి. ఈలోగా ఏ విలేఖరో తలుపు కొట్టి నోరు జారకుండా, ఇరుగుపొరుగు ఆడవాళ్లలో ఒకరిని తోడు కూర్చోబెడతారు. తోడున్న మనిషి అసలు సంగతి పెదవి దాటనివ్వకూడదు. కాఫీ తాగాలి, కబుర్లు చెప్పాలి, అవసరమైతే నవ్వాలి. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపేవాళ్లు కనిపెట్టిన మర్యాద ఇది. ఇంత దిక్కుమాలిన మర్యాద ఇంకెక్కడా ఉండదు.

ఆ పొద్దున ఫ్లోరిడా నుంచి ఇద్దరు ఇంటికి బయల్దేరారు, చెరో జెట్‌లో. నోరీన్ భర్త ఎమ్మెట్, వర్నా భర్త లైల్. వచ్చే వసంతంలో చంద్రుడి మీద దిగబోయేది ఎమ్మెట్. అతనికి ఏదైనా అయితే ఆ సీటు లైల్‌ది. రెండేళ్లుగా లైల్ అతని వెనకాలే తిరుగుతూ, అతను నేర్చుకున్నదల్లా తనూ నేర్చుకుంటున్నాడు.

వర్నా వీధి దాటింది. నోరీన్ మొహంలోకి ఎలా చూడాలో తెలియలేదు.

బెల్లు మీద వేలు పెట్టకముందే తలుపు తెరుచుకుంది.

"రావే, రా. కాఫీ ఇప్పుడే దించా."

మిట్టమధ్యాహ్నం హాలంతా చీకటిగా ఉంది. కిటికీ తెరలన్నీ దగ్గరికి లాగేసి ఉన్నాయి.

"తలనొప్పే. వెలుతురు చూళ్లేకపోతున్నా," అంది నోరీన్.

ఫోను రిసీవరు తీసి పక్కన పెట్టి ఉంది.

"మా అమ్మ పొద్దుట్నుంచీ ఒకటే ఫోన్లు. ప్రాణం తీస్తోంది."

"టీవీ పెట్టుకోలేదా?"

"అదీ చెడింది. ఎమ్మెట్‌ని బాగు చెయ్యమంటే వింటాడా?"

హమ్మయ్య అనుకుంది వర్నా. సగం పని దేవుడే చేసిపెట్టాడు. కానీ ఎమ్మెట్ పేరు నోరీన్ నోట అంత మామూలుగా వచ్చేసరికి చూపు పక్కకు తిప్పుకుంది.

వంటగదిలో బల్ల మీద ఓవెన్‌లోంచి తీసిన పెద్ద గిన్నె పొగలు కక్కుతోంది. చికెన్, నూడుల్స్, పైన చీజ్. పదిమందికి సరిపోయేలా ఉంది.

"ఇంతెందుకే? పటాలానికి వండావా?"

"నువ్వు పట్టుకెళ్లు. పిల్లలకి పనికొస్తుంది."

పిచ్చిది, అంత తలనొప్పిలోనూ ఇంకొకరి కడుపు చూస్తోంది అనుకుంది వర్నా. ఏదో ఒకటి మాట్లాడాలి, లేకపోతే ఏడుపు ఆగేలా లేదు.

"మా ఆయన సంగతి విన్నావా? చంద్రుడి దాకా దారి బాగానే తెలుసు. చెత్త డబ్బా దాకా మాత్రం తెలీదుట. మొన్న వీధి చివరికి లాక్కెళ్లమంటే, మ్యాప్ ఇవ్వమన్నాడు."

నోరీన్ గట్టిగా నవ్వింది. మరీ గట్టిగా నవ్వింది. నవ్వుతూనే సింకు వైపు తిరిగి, కడిగిన కప్పులే మళ్లీ కడగడం మొదలుపెట్టింది. కుళాయి చాలాసేపు పారుతూనే ఉంది.

ఆ వంగిన వీపును చూస్తూ కూర్చుంది వర్నా. సరిగ్గా అప్పుడే, పిలవకుండానే, ఆ ఆలోచన వచ్చింది. ఇక వెళ్లేది లైల్.

చంద్రుడి మీద నడిచేది తన మొగుడు. పత్రికల వాళ్లు వచ్చేది తన ఇంటికి. ఆ తలపు ఒక్క క్షణం తియ్యగా ఉంది. మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసింది. స్నేహితురాలి ఇంట్లో, ఆమె చేతి కాఫీ తాగుతూ, ఆమె మొగుడి సీటు లెక్కేసుకుంటోంది! ఇలాంటి బుద్ధికి దేవుడు ఏ శిక్ష వేసినా తక్కువే అనుకుంది.

"సిగరెట్లు ఇంట్లో మర్చిపోయానే. ఒక్క నిమిషంలో వస్తా," అని లేచింది. నిజానికి బయటికెళ్లి కాస్త ఏడవాలి.

నోరీన్ కుళాయి కట్టకుండానే వచ్చి దారికి అడ్డంగా నిలబడింది.

"నావి ఉన్నాయిగా. కూర్చో."

"అది కాదే, ఇప్పుడే..."

"నన్ను వదిలి వెళ్లకు వర్నా. ఇవాళ వెళ్లకు."

మనసుకు ముందే తెలుస్తుందంటారు, ఇదే కాబోలు అనుకుంది వర్నా. ఇక లేవలేదు. నోరీన్ తడి చేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

బయట కారు ఆగింది. తలుపులు రెండు మూసిన చప్పుడు. బూట్ల అడుగులు గుమ్మం దాకా వచ్చి, కాసేపు అక్కడే ఆగిపోయాయి.

నోరీన్ కూలిపోతే పట్టుకోవాలని వర్నా ఆమె వెనకాలే నడిచింది. నోరీన్ గొళ్లెం తీసింది.

గుమ్మంలో పాస్టరు పక్కన, టోపీ చేత పట్టుకుని నిలబడ్డ ఎమ్మెట్, పెళ్లాం వైపు కన్నెత్తి కూడా చూడకుండా తిన్నగా వర్నా ముందుకు వచ్చాడు.