తూచని ట్రిగ్గర్

ఎవరూ తూచకూడదని నువ్వు దాచుకున్నది ఏమిటి?

ఒహాయోలో మా క్లబ్బు పోటీకి ముందు ప్రతి పిస్తోలు ట్రిగ్గరుకూ రెండు పౌండ్ల తూనికరాయి తగిలించి ఎత్తుతారు. ఆ బరువుకు ట్రిగ్గర్ కదలకూడదు; కదిలితే అది మరీ తేలికని పిస్తోలును పక్కన పెడతారు. నా .22 పిస్తోలు పిడిని అరచేతికి తగ్గట్టు చెక్కుకున్నాను. దానికి అనుమతి ఉంది. గురి చెదరకుండా ట్రిగ్గర్ తేలికపడాలని లోపలి కొక్కేన్ని కూడా అరగదీశాను, అది దొంగతనం.

ఆరోజు తూచే వంతు నేను బోధించే సంఘంలోని ముసలి ఎల్వుడ్‌ది. నా ఖాళీ పిస్తోలును ఒకసారి నొక్కి చూసి, తూచకుండానే తిరిగి ఇచ్చేశాడు. "బోధకుడి తుపాకీని తూస్తే నరకానికి పోతాను. నడువ్ బ్రదరూ!"

అందరితోపాటు నేనూ నవ్వాను.

ఎల్వుడ్ మీదే రెండు పాయింట్ల తేడాతో గెలిచాను. చూపు మందగిస్తున్న అతనికి రాష్ట్ర పోటీకి వెళ్లడానికి అదే ఆఖరి అవకాశం.

ఆ తర్వాత నాలుగో ఆదివారం చర్చిలో, బైబిల్లోని దానియేలు గ్రంథంలో "త్రాసులో తూచగా నీవు తక్కువగా కనబడితివి" అని చదివి పుస్తకం మూసేశాను. సిగ్గుతో తల వంచుకుని, సంఘం ముందు అంతా ఒప్పుకున్నాను.

ముందు బెంచీలోంచి ఎల్వుడ్ అన్నాడు: "ఒక్క నొక్కుకే తెలిసింది బ్రదరూ. నీ నోట వినాలని నాలుగు వారాలుగా ఇక్కడే కూర్చున్నా."

అతను వెళ్లాల్సిన రాష్ట్ర పోటీ ఆ ముందురోజే అయిపోయింది.

నీకోసం కూడా ఎవరో అలాగే కూర్చుని ఉన్నారు. నువ్వు చదువుతున్న ఈ కార్డు పక్కన పెట్టు. ఇవాళే, ఇప్పుడే వెళ్లి చెప్పు!