సీసాలో బుడగలు

గండయ్య ఛాతీ కోసి పదిహేడు రోజులైంది. మంచం కింది సీసాలో బుడగలు ఆగలేదు, అతని భార్య రుక్కమ్మ కోపమూ ఆగలేదు.

టీబీ తిన్న ఊపిరితిత్తి ముక్క తీసేశారు. పక్కటెముకల మధ్య ఎర్ర రబ్బరు గొట్టం పెట్టి, రెండో కొస నడుము మీదుగా దించి నీళ్ల సీసాలో ముంచారు. కుట్టిన చోట గాలి కారుతోందట, అదే బుడగలై పోతోందట.

"ఆగితే ఇంటికి పంపిస్తామమ్మా." డాక్టర్ సంజీవరావు రోజూ ఇదే మాట.

"నాచారంల కొత్త కార్ఖానా పెట్టిన్రు గద. ఆడ మిషిన్ ఖరాబైతే మా ఆయన ఒక్క పూటల బాగుజేస్తడు. మీకు పదిహేడు దినాలు సాలలే?"

నీళ్లచారు పోసే వంటవాడి మీదా ఆమెకు మంటే. ఆపరేషన్‌కు ముందు మొలతాడు తెంపి చెత్తబుట్టలో పారేసిన నర్సు గ్రేస్ మీద మరీను.

"మొల్తాడు లేని మొగోడు బతికినట్టా, సచ్చినట్టా?" అని ఆ రోజే జగడమాడింది.

"ఇంటికి పోయినంక కట్టుకోనీ" అంది గ్రేస్.

పద్దెనిమిదో రోజు పొద్దున రుక్కమ్మ మొగుడికి ఒళ్లు తుడిచి, ఉప్పల్ నుంచి తెచ్చిన ఉతికిన పంచె కట్టి, దుప్పటి కప్పింది. వంగి చూస్తే సీసాలో ఒక్క బుడగ లేదు.

"ఆగినయ్" అంది వార్డంతా వినేలా. "మీ మందులతోని మాత్రం కాదు."

గంటలో గండయ్య మెడ ఉబ్బింది. మొహం పొంగి కళ్లు మూసుకుపోయాయి. చెంప తాకితే చర్మం కింద మరమరాలు నలిగినట్టు చప్పుడైంది. ఊపిరి అందక రొప్పుతున్నాడు.

డాక్టర్ పరుగున వచ్చాడు. "గాలికి దారి లేక చర్మం కిందికి పాకింది. గొట్టం ఎక్కడో నొక్కేశారు."

రుక్కమ్మ నెత్తురు ఉడికిపోయింది. గ్రేస్ మీదికి వెళ్లింది.

"పొద్దుగాల పక్క సర్దింది నువ్వే గద. మొదలు మొల్తాడు తెంపితివి, ఇప్పుడు నా పుస్తె తెంపుతవా? ఎవరు జేసిన్రో ఆళ్ల చేతులు ఇరిగిపోను."

గ్రేస్ దుప్పటి తీసి, పంచె వదులు చేసింది.

పొద్దున ఎవరూ చూడకుండా రుక్కమ్మ బిగించి మూడు ముళ్లు వేసిన కొత్త మొలతాడు కింద, ఎర్ర గొట్టం నలిగి ఉంది.