నాలుగు నుంచి ఆరు దాకా

“లక్షల్లో ఉద్యోగాలొచ్చాయండీ! కళ్ళుంటే కనపడతాయి!” అంటూ బుజ్జిబాబు బల్లని ఒక్క చరుపు చరిచేసరికి శివరామకృష్ణ గ్లాసులోని టీ తొణికి ప్యాంటు మీద పడింది.

“ఏవండీ ఆ ఉద్యోగాలు? పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు! వాటిని ఉద్యోగాలంటారా, ఉపవాసాలంటారా?” ఎదుటి బెంచీ మీంచి లేచాడు గంగరాజు. పక్కనున్న కొత్త బూట్ల పెట్టె కాలికి తగిలి కింద పడితే తీసి మళ్ళీ జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

శివరామకృష్ణ ప్యాంటు దులుపుకుని ఊరుకున్నాడు. ఇవాళ కోపం తెచ్చుకోకూడదు. చచ్చినా తెచ్చుకోకూడదు.

రాజమండ్రి కోటిపల్లి బస్టాండు పక్కనున్న ఆ బజ్జీల కొట్టు సూర్యకళది. పొద్దున ఆవిడే ఫోన్లో చెప్పింది.

“రోజూ నాలుగు నుంచి ఆరు దాకా పనుంది బాబూ. గొంతు గట్టిగా ఉండాలి. అన్నట్టు, నీకు కోపమొస్తుందా?”

“అబ్బే, అస్సలు రాదండి. ఎవరేమన్నా పల్లెత్తు మాటనను.”

“అలాగా...” ఆవిడ గొంతు ఎందుకో నీరసపడింది. “సరే, వచ్చి ఓ రెండు గంటలు కూర్చో. చూద్దాం.”

గొంతు అడిగిందంటే ‘వేడి వేడి బజ్జీలు’ అని కేకలు పెట్టే పనే అయ్యుంటుందనుకున్నాడు. డిగ్రీ చదివి అదేం పని అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. ఇది దొరికితే రాత్రిళ్ళు ఇంటింటికీ పార్శిళ్ళు అందించే పని మానేసి, ఏడో నెల కడుపుతో ఉన్న భార్య లావణ్య దగ్గర ఉండొచ్చు. అతనికి కావలసింది అంతే.

కానీ ఎంత ఓర్చుకుందామన్నా ఆ ఇద్దరూ ఓర్చుకోనిస్తేగా! ఒకాయనది అధికార పక్షం, ఒకాయనది ప్రతిపక్షం. సరిగ్గా నాలుగింటికి మొదలెట్టారు. అడక్కుండానే టీలు వచ్చేస్తున్నాయి. చుట్టూ జనం పోగయ్యారు.

అమలాపురం బస్సొచ్చింది. సగం మంది అటు పరుగెత్తారు. సూర్యకళ చిల్లుల గరిటెతో బాణలి అంచు మీద టంగుమని కొట్టింది.

“అయితే మీ హయాంలో ఏం ఊడబొడిచారండీ?” బుజ్జిబాబు మళ్ళీ అందుకున్నాడు.

“మా ప్రభుత్వం వచ్చాకే కదండీ...” గంగరాజు నాలిక్కరుచుకున్నాడు. “అదే, మీ ప్రభుత్వం వచ్చాకే కదండీ ఈ అరకొర పనులు!”

జనం గొల్లుమన్నారు. పోయినవాళ్ళలో ఇద్దరు వెనక్కొచ్చారు.

“ఎందుకండీ ఈ గోల? ఇదిగో, ఈ అబ్బాయినే అడుగుదాం.” బుజ్జిబాబు శివరామకృష్ణ భుజం పట్టుకున్నాడు. “ఏం బాబూ, ఏం చేస్తుంటావు?”

“తెల్లారగట్ట పాల ప్యాకెట్లు వేస్తానండి. మధ్యాహ్నం జిరాక్స్ షాపు. రాత్రిళ్ళు పార్శిళ్ళు” అన్నాడు శివరామకృష్ణ నెమ్మదిగా.

“విన్నారా? ఒక్క మనిషికి మూడు ఉద్యోగాలు!”

“మూడూ కలిపినా ఒక్కటి కాదండీ! ఇతను పక్కా నిరుద్యోగి!” గంగరాజు రెండో చెయ్యి పట్టుకున్నాడు.

“మూడు!”

“సున్నా!”

“మూడండీ బాబూ!”

ఇటు లాగితే ఇటు, అటు లాగితే అటు ఊగుతున్నాడు శివరామకృష్ణ. లావణ్య గుర్తొచ్చింది. ఓర్చుకున్నాడు. గంగరాజు “పాపం, నిరుద్యోగి” అంటూ బుగ్గ నిమిరాడు.

అంతే.

“ఛీ, వదలండి!” విదిలించుకున్న విసురుకి గ్లాసు కిందపడి భళ్ళున పగిలింది. “ఎద్దు పుండు కాకికి ముద్దన్నట్టు, ఆడుకోడానికి మీకు నా బతుకే దొరికిందా? మూడంటారు ఒకరు, సున్నా అంటారు ఒకరు. తెల్లారగట్ట మూడింటికి లేచేది మీరా? మొన్న ఆసుపత్రిలో మీ ఆయనేం చేస్తారమ్మా అనడిగితే, ఒక్క ముక్కలో చెప్పలేక మా ఆవిడ తలదించుకుంది. మీరు మీటింగుల్లో చెప్పుకోడానికి పనికొస్తాను గానీ, ఓ పూట మా ఆవిడ పక్కన కూర్చోడానికి పనికిరానా? సిగ్గుందా అండీ మీ ఇద్దరికీ?”

రోడ్డు మీద ఆటోలు ఆగాయి. ఎవరో ఈల వేశారు. “అలా అడుగు బాబూ!” అన్నాడు ఓ పెద్దాయన. శివరామకృష్ణ అడిగాడు. పార్టీల్ని, ప్రభుత్వాల్ని, వీళ్ళ పూర్వీకుల్ని కూడా అడిగాడు. గొంతు బొంగురుపోయేదాకా అడుగుతూనే ఉన్నాడు.

ఆరయ్యేసరికి జనం పల్చబడ్డారు. ఒళ్ళు చల్లబడ్డాక గాని చేసిన నిర్వాకం తెలిసి రాలేదు. చేజేతులా నోటి దగ్గర కూడు కాలదన్నుకున్నాడు. వంగి గాజు పెంకులు ఏరుతూంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లావణ్యకి ఏం చెప్పాలి?

“క్షమించండమ్మా. కోపం రాదని మీతో అబద్ధమాడాను. వెళ్ళొస్తానండి.”

సూర్యకళ పళ్ళెం బోర్లించి చూపించింది. ఒక్క బజ్జీ కూడా మిగల్లేదు.

“వెళ్ళొచ్చి, రేపు నాలుగింటికల్లా ఇక్కడుండు.”

శివరామకృష్ణ ఏరిన పెంకులు చేతిలోనే పట్టుకుని వెనక్కి తిరిగాడు. “పని... ఇస్తున్నారాండీ?”

“ఆయ్. ఇచ్చినట్టే.”

“ఏం పనండీ? బజ్జీలని కేకలు పెట్టడమేనా?”

బుజ్జిబాబు బెంచీ మీద పక్కకి జరిగి చోటిచ్చాడు. గంగరాజు కొత్త బూట్ల పెట్టె చంకన పెట్టుకుని నవ్వుతూ లేచాడు.

“గంగరాజు గారికి ఫుల్‌టైమ్ ఉద్యోగం దొరికింది, రేపట్నుంచి ప్రతిపక్షం నువ్వే” అంది సూర్యకళ.