నాడా లేని టోపీ

వెనక నుంచి ఎవరిదో చెయ్యి టోపీ మీద పడేసరికి అక్క ఉలిక్కిపడి తిరిగింది.

గుర్రప్పందేల గ్యాలరీలో వెనక వరసలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. అక్కడి ఆడవాళ్లందరి తలల మీదా టోపీలున్నాయి. ఆవిడకి లేదు. మెడలో పిన్నీసుల గొలుసు వేలాడుతోంది. చేతిలో నల్ల నాడా చుట్ట.

“గాలి లేచేలా ఉందమ్మా. టోపీకి నాడా తగిలిస్తాను. గడ్డం కింద ముడేసుకో.”

“వద్దండీ. నాడా కట్టుకుంటే బడికెళ్లే పిల్లలా ఉంటాను.”

పక్కన మేనత్త పకపకా నవ్వింది. “ఎంతకిస్తావేంటి నాడా?”

“అమ్మడానికి కాదమ్మా. ఊరికే.”

“ఊరికే అంటోంది. నీ పర్సు జాగ్రత్తే,” అని మేనత్త అక్క చెవిలో గొణిగింది.

అక్క పర్సు ఒళ్లోకి లాక్కుంది.

ఆ టోపీ కోసం కాళ్లరిగేలా కొట్లన్నీ తిరిగింది. ఎర్రటిది, అంచు వెడల్పుది. దాని కింద నలుగురు తలదాచుకోవచ్చని పొద్దుటి నుంచీ మేనత్త ఎగతాళి చేస్తూనే ఉంది. చెయ్యనీ అనుకుంది అక్క. తమ్ముడు అడిగాడు, అంతే.

తమ్ముడు జాకీ. గుర్రాల కొట్టంలో పేడ ఎత్తడంతో మొదలుపెట్టి ఇవాళ మొదటిసారి పందెంలో ఎక్కుతున్నాడు. తల్లి పోయాక వాణ్ణి పెంచింది అక్కే.

“ఏం వేసుకొస్తావే అక్కా?” అని ముందే అడిగాడు.

“నీకెందుకురా?”

“గుర్రం మీద నుంచి చూస్తే జనమంతా ఒక గోడలా ఉంటారు. అందులో నువ్వెక్కడున్నావో తెలియాలి కదా. కనబడేది ఏదైనా వేసుకో.”

“కనబడితే ఏం చేస్తావు, చెయ్యూపుతావా?”

“ఊపితే మా ట్రైనర్ తోలు తీస్తాడు. నువ్వున్నావని తెలిస్తే చాలు.”

పెద్దావిడ ఇంకా అక్కడే ఉంది.

“పోనీ తీసి ఒళ్లో పెట్టుకో తల్లీ. గుర్రాలు ఇటు వచ్చేటప్పుడు, ఆ కాసేపే.”

“ఆ కాసేపే కావాలండీ నాకు. మా తమ్ముడు చూడాలి.”

“మీ తమ్ముడా? గుర్రం ఎక్కేవాడా?”

“అవును.”

ఆవిడ ఇక బతిమాలలేదు. పిన్నీసు విప్పి టోపీ అంచు పట్టుకుంది.

“చిల్లు పెడుతున్నారా? వదలండి!” అక్క చివాలున లేచింది. మేనత్త కేకకి నాలుగు వరసల వాళ్లు తిరిగి చూశారు. గార్డు వచ్చాడు.

“మళ్లీ మొదలుపెట్టావా పెద్దమ్మా,” అని ఆవిడ మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.

దిగుతూ దిగుతూ ఆవిడ వెనక్కి తిరిగింది. అరచేత్తో తన తలని అదుముకుని చూపించింది. ఇలా పట్టుకో, ఇలా.

“పిచ్చిదేమో పాపం,” అన్నారెవరో.

“మంచి రోజు చూసుకుని దాపురించింది,” అంది మేనత్త.

పందెం మొదలైంది. గుర్రాలు మలుపు తిరిగేసరికి తమ్ముడు ముందువాళ్లలో ఉన్నాడు. అక్క ఆగలేకపోయింది. మెట్లు దిగి కంచె దగ్గరికి పరుగెత్తింది.

“రారా! రారా నాన్నా!”

అంత గోలలో వినిపించి ఉండదు. కానీ తమ్ముడి తల ఇటు తిరిగింది. ఎర్ర టోపీని చూశాడు. నవ్వాడు.

అక్క రెండు చేతులూ పైకెత్తింది.

అప్పుడే గాలి వీచింది.

టోపీ కంచె దాటింది. ట్రాక్ మీద దొర్లుకుంటూ వెళ్లి గుర్రం కాళ్ల ముందు పడింది. గుర్రం బెదిరి పక్కకి గెంతింది. తమ్ముడు కింద పడ్డాడు. వెనక వస్తున్న గుర్రాలు ఆగలేకపోయాయి.

ఆసుపత్రికి చేరకముందే తమ్ముడు పోయాడు.

ఆ నెలంతా అక్క ఇల్లు కదల్లేదు. పందేలు మళ్లీ మొదలయ్యాయని తెలిసిన రోజు బట్టలు మార్చుకోకుండానే బయల్దేరింది. గేటు దగ్గర గార్డు ఆమెని గుర్తుపట్టి స్టూలు మీంచి లేచాడు.

“ఆ పెద్దావిడ లోపలుందా? కాళ్లమీద పడాలి.”

“రావట్లేదమ్మా. ఆ రోజు నుంచీ.”

“మీరు రావద్దన్నారా?”

“నేనన్నా వినే మనిషి కాదు. ఆ రోజు బయటికి పంపించానా, ఇంటికి పోలేదు. ఇక్కడే ఈ ఊచలు పట్టుకుని నిలబడింది. అంతా చూసింది.” అతను గేటు ఊచల వైపు చూశాడు. “పంపించింది నేనే కదమ్మా. నాకూ అన్నం సయించట్లేదు.”

“ఎప్పటి నుంచి వచ్చేది?”

“నేను ఉద్యోగంలో చేరిన ఏడాది ఇక్కడ ఒక జాకీ పోయాడు. మీ తమ్ముడిలాగే. ఆ తర్వాత ఆవిడ మానింది లేదు. ఎవరు తిట్టినా, తోసినా, మళ్లీ వచ్చి టోపీలకి నాడాలు కట్టేది.”

అక్క గేటు ఊచ పట్టుకుంది.

“నాతో ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. నా కొడుకు ఇలాగే పోయాడమ్మా అని ఒక్క మాట. టోపీ నేనే తీసేసేదాన్ని.”

గార్డు తల అడ్డంగా ఊపాడు.

“ఆ జాకీ ఆవిడకి ఏమీ కాడమ్మా. ముఖం కూడా తెలీదు. ఆ రోజు ఎగిరి గుర్రం కాళ్ల కింద పడ్డ టోపీ ఆవిడది.”