అడ్డు నిలిచేవాడు

"రేపు నువ్వు మొదట ఎక్కడ నిలబడతావురా? కుడివైపా, ఎడమవైపా?" దాల్చినచెక్క రొట్టెను చిల్లీ మాంసం పులుసులో ముంచుతూ అడిగాడు లాయిడ్.

గ్రేడీకి ఒళ్ళు మండింది. ఆటకు ముందురోజు భోజనాల దగ్గర ప్రతిసారీ ఇదే ప్రశ్న.

"మొదట ఎడమవైపు. తర్వాత కుడివైపు చివరికి పోతాను. ఆ తర్వాత వెనక్కి. ఎందుకు నాన్నా, నీ వీడియో కెమెరా కోసమేగా?"

"అవున్రా. ముందే తెలియకపోతే అంత గుంపులో ఎక్కడని వెతకను?"

ఎవరిని వెతుకుతాడో గ్రేడీకి తెలుసు. గ్రేడీ ఎటు వెళ్తే, బంతిని చంకలో ఇరికించుకుని ట్రెంట్ అటే వస్తాడు. కోచ్ కుచేరా ఈ ఏడు బడి జట్టు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటనంతా అలాగే అల్లాడు మరి. నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊళ్ళో మొక్కజొన్న విరగపండుతుంది గానీ కొండల్లాంటి కుర్రాళ్ళు పండరు. "గోడలు లేవని ఏడవడం ఎందుకు? కదిలే తలుపులు పెట్టుకుందాం" అన్నాడాయన. నిలబడ్డ చోటే ఎదుటివాణ్ణి తోసే బ్లాకర్లను పక్కన పెట్టి, చురుకైనవాళ్ళను ఏరి, ఎక్కడ అవసరమైతే అక్కడికి పరుగెత్తి అడ్డుపడటం నేర్పాడు. వాళ్ళలో గ్రేడీయే మొనగాడు. ఒకే ఆటలో ఏ చోట నిలబెట్టినా నిలబడతాడు. ఎంత మొనగాడైతేనేం, బ్లాకరుకు బంతి పట్టుకునే యోగం లేదు. దారి చేసేది వీడు, ఆ దారిన పోయి పేరు కొట్టేసేది ట్రెంట్. సొమ్మొకడిది, సోకొకడిది.

"నాన్నా, పోయినవారం నేను చివరిదాకా పరుగెత్తానే, అది వీడియోలో బాగా వచ్చిందా?" అన్నాడు ట్రెంట్, నోటినిండా రొట్టె పెట్టుకుని.

"ఎక్కడ్రా! నువ్వు కెమెరాకి అందితేగా!" నవ్వాడు లాయిడ్.

ఆ 'నాన్నా' అనే పిలుపు గ్రేడీకి ముల్లులా గుచ్చుకుంది. రెండేళ్ళ కిందట లాయిడ్ మార్నీని పెళ్ళి చేసుకున్నప్పుడు ఆమె వెంట వచ్చిన కొడుకు ట్రెంట్. మొన్నమొన్నటిదాకా లాయిడ్ అని పేరుపెట్టే పిలిచేవాడు. ఇల్లు పంచుకున్నాడు, గది పంచుకున్నాడు. ఇప్పుడు నాన్నను మాత్రం పంచుకోవడం కాదు, మొత్తంగా ఎత్తుకుపోతున్నాడు.

ట్రెంట్ స్నేహితులతో తిరగడానికి వెళ్ళిపోయాడు. లాయిడ్ టీవీ ముందు చేరి, "పాత టేపులు పెడుతున్నాను. రారా గ్రేడీ, కలిసి చూద్దాం" అన్నాడు.

"నాకు లెక్కలున్నాయి."

"ఎప్పుడూ లెక్కలేనా?"

గ్రేడీ మేడ ఎక్కేశాడు. వాడు ఇంతవరకు ఒక్క టేపూ చూడలేదు. ట్రెంట్‌గాడి వైభోగాన్ని మైదానంలో చూసింది చాలక ఇంట్లో కూడా చూడాలా?

మర్నాడు పొద్దున పెట్రోలు బంకులో ఇంకో వాత పడింది. బంకు యజమాని లాయిడ్ భుజం చరిచి, "ఏమయ్యోయ్, మీవాడు చెలరేగిపోతున్నాడు!" అన్నాడు.

"వాడి కాళ్ళు చూశావా? పాదరసమే అనుకో!" లాయిడ్ ముఖం వెలిగిపోయింది.

గ్రేడీ కారులోనే కూర్చుని అంతా విన్నాడు. తనవైపు ఆ ముఖం అలా ఎప్పుడు వెలిగిందో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. ఆ అక్కసు సాయంత్రం ఆటదాకా చల్లారలేదు.

ఆట సగం దాటింది. ఎడమవైపు నుంచి గ్రేడీ గిర్రున తిరిగి కుడివైపుకు పరుగెత్తాలి. ఎదురుగా దూసుకొచ్చే మొదటివాణ్ణి గుద్ది పక్కకు నెట్టాలి. ఆ సందులోంచి ట్రెంట్ వస్తాడు. వందసార్లు చేసిన పనే. ఎదురు వస్తున్నవాడు ఆంబోతులా ఉన్నాడు. అయినా గ్రేడీకి లెక్కలేదు, అలాంటివాళ్ళను ఎంతమందినో పడేశాడు.

పరుగెత్తుతూనే తల తిప్పి జనం కూర్చునే మెట్లవైపు చూశాడు. పైవరసలో నాన్న, కంటికి కెమెరా. అది ఇటువైపే తిరిగి ఉంది.

'తియ్యి నాన్నా. నీ ముద్దుల కొడుకుని బాగా తియ్యి' అనుకున్నాడు. అనుకుని, ఒక్క అడుగు పక్కకు తప్పుకున్నాడు.

వెనక ఏదో విరిగిన చప్పుడు. ట్రెంట్ లేవలేదు.

"ఏమైందిరా, కాలు జారిందా?" పరుగున వచ్చాడు కోచ్.

"గడ్డి తడిగా ఉంది కోచ్."

ఎవరూ అనుమానించలేదు. స్ట్రెచర్ మీద ట్రెంట్ కూడా నొప్పితో పళ్ళు బిగించి, "నీ తప్పు కాదురా, బాధపడకు" అన్నాడు. గ్రేడీకి సిగ్గేసింది. కానీ ఆ సిగ్గు అడుగున, చెప్పుకోలేని చోట, కాస్త హాయిగా కూడా ఉంది.

తెల్లవారి గ్రేడీ మేడ దిగేసరికి లాయిడ్ ఆస్పత్రి నుంచి వచ్చి ఉన్నాడు. కోటు కూడా విప్పకుండా టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. నిన్నటి టేపు వీసీఆర్‌లో ఉంది.

"ట్రెంట్ ఎలా ఉన్నాడు?"

"భుజం ఎముక విరిగింది. అతుక్కుంటుందన్నారు."

"మరి ఇదెందుకు నాన్నా పొద్దున్నే? వాడు పడటం మళ్ళీ చూసి ఏం లాభం?"

"వాడు పడటం ఇందులో రాలేదు."

గ్రేడీకి ప్రాణం లేచివచ్చింది. కెమెరా ఆగిపోయి ఉంటుంది. లేదంటే కంగారులో నాన్న చెయ్యి పక్కకు పోయి ఉంటుంది. ఏదైతేనేం, గండం గడిచింది.

"కూర్చో" అన్నాడు లాయిడ్. గొంతులో కోపం లేదు. టేపును వెనక్కి తిప్పి, ఆట మొదటినుంచి పెట్టాడు. ఈసారి లెక్కల సాకు చెప్పకుండా గ్రేడీ తండ్రి పక్కన కూర్చుని చివరిదాకా చూశాడు.

కెమెరా ఒక్కసారి కూడా గ్రేడీని వదల్లేదు.