ఆవకాయ ఎవరి పేరు?

సముద్రం అవతల ఎవడో కంపెనీవాడు ఆవకాయ పేరును సొంతం చేసుకుని రెండేళ్లయింది. అప్పటినుంచి నూజివీడులో భూషమ్మ సంఘం ఆడవాళ్లు ఎగుమతి సీసాల మీద "ఆవపిండి పట్టించిన మామిడి ముక్కలు" అని రాసి చస్తున్నారు. ఆ పేరు చూసి ఒక్కడూ కొనడు. సంఘం మూతపడేలా ఉంది. దారి ఒక్కటే. సంఘంతో సంబంధం లేని మనిషి, ఎవరూ అందించకుండా, రుచి చూసి ఆవకాయ అనాలి. అలా అంటే అది అందరి పేరని చట్టం.

ఆ రోజు పేర్ల ఆఫీసరు దయాకర్ తనిఖీకి వచ్చాడు. మాటలు వినే బిళ్ల అతని జేబుకి ఉంది.

"ఆ మాట మాత్రం అనకండమ్మా. ఇది రాసేసుకుంటుంది."

"మేమెందుకంటాం నాయనా? వేళకొచ్చావు, ముద్ద తినిపో."

పచ్చడి పెట్టిన మూడో రోజు తిరగకలిపి జాడీలకెత్తాక, బేసిన్‌కి అంటిన కారంలో వేడన్నం కలిపి వచ్చినవాళ్లకి పెట్టడం వాళ్ల అలవాటు. దయాకర్ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అబ్బ! అచ్చం మా అమ్మ కలిపే ఆవకాయే!"

బిళ్ల టింగుమంది. "నమోదైంది. అందరి పేరు."

"అయ్యో, నా ఉద్యోగం!"

"ఉద్యోగానికేం గానీ, ఇంకో ముద్ద పట్టు," అంది భూషమ్మ. "రేపు గోంగూర నూరుతున్నాం. నువ్వే రావాలి."